ఐఆర్ఎస్ బాకీకి ఐపీ పెట్టే ముందు క్యాలెండర్ చూసుకోండి

అమెరికాలో పన్నుల శాఖ ఐఆర్ఎస్ నుంచి కవరు వస్తే విప్పకముందే టెన్షన్. ఆ భయంలో "ఐపీ పెట్టేస్తే పోతుంది కదా" అని దివాలా పిటిషన్‌కు తొందరపడితే మొదటికే మోసం రావచ్చు.

చాప్టర్ 7లో, అంటే ఉన్న ఆస్తులతో తీరినంత తీర్చి మిగతా అప్పులు మాఫీ చేసే దివాలా పద్ధతిలో, ఆదాయపు పన్ను మాఫీ కావాలంటే మూడు లెక్కలూ కుదరాలి. రిటర్న్ గడువు తేదీ దాటి 3 ఏళ్లు నిండాలి, రిటర్న్ వేసి 2 ఏళ్లు కావాలి, ఐఆర్ఎస్ ఆ పన్ను అసెస్ చేసి (లెక్కగట్టి నమోదు చేసి) 240 రోజులు గడవాలి. 2021 పన్నుకు గడువు 2022 ఏప్రిల్ 18. ఎక్స్‌టెన్షన్ తీసుకున్నవాళ్లకు అది అక్టోబర్ 17, కాబట్టి మూడేళ్లు అక్కడి నుంచి లెక్క. వారం ముందు పిటిషన్ వేసినా ఆ బాకీ నెత్తిమీదే ఉంటుంది. చాప్టర్ 7లో ఒకసారి మాఫీ పొందితే, మళ్లీ అదే దారికి 8 ఏళ్లు ఆగాలి. ఐఆర్ఎస్‌కు సెటిల్‌మెంట్ ఆఫర్ పెట్టిన రోజులు ఆ 240లో కలవవు, పైగా ఇంకో 30 రోజులు కలుస్తాయి. ముందు అకౌంట్ ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించుకోండి, ఉచితమే. తేదీలన్నీ అందులో కనిపిస్తాయి.

గ్యాస్ స్టేషనో కన్సల్టెన్సీయో నడిపేవాళ్లకు ఇంకో చిక్కు. ఉద్యోగుల జీతంలో కోసి కట్టని పన్ను ఎన్నేళ్లయినా మాఫీ కాదు, కంపెనీ మూసినా బాధ్యుడైన యజమాని మెడకు చుట్టుకుంటుంది. దొంగ లెక్కలు చూపి ఎగ్గొట్టిన పన్నూ అంతే. క్రెడిట్ కార్డుతో పన్ను కట్టి, ఆ కార్డు బాకీని దివాలాలో వదిలించుకుందామనే తెలివి మనవాళ్లకు తడుతుంది. మాఫీ కాని పన్ను కోసం చేసిన అప్పూ మాఫీ కాదు.

ఊళ్లో ఉన్న ప్లాటు, అమ్మతో ఉమ్మడిగా ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో మీ వాటా అన్నీ చూపించాల్సిందే. ఆస్తి ఏ దేశంలో ఉన్నా లెక్కలోకే వస్తుంది. దాస్తే మాఫీయే పోవచ్చు, కేసు కూడా కావచ్చు. తమ్ముడి పేరున రాసేసినా, అప్పులవాళ్లకు అందకుండా చేసిందని తేలితే దివాలా ఆస్తుల్ని చూసుకునే ట్రస్టీ వెనక్కి లాగగలడు.

ఇంటి మీద ఐఆర్ఎస్ లీన్ (బాకీ కింద ఆస్తి మీద హక్కు) ముందే నమోదై ఉంటే, మీ మీద బాకీ పోయినా ఇంటి మీద లీన్ మామూలుగా మిగులుతుంది. పిటిషన్ వేయగానే వసూళ్లు ఆగుతాయి కానీ ఆడిట్ ఆగదు. క్రెడిట్ రిపోర్టులో మచ్చ 10 ఏళ్లు.

తేదీలు కుదరకపోతే వాయిదాల ఒప్పందం గానీ, 3 నుంచి 5 ఏళ్లలో కట్టుకునే చాప్టర్ 13 దివాలా గానీ అడగండి. చాప్టర్ 13కి గత 4 ఏళ్ల రిటర్న్‌లు వేసి ఉండాలి కాబట్టి, వేయనివి ఉంటే ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి.