ఏరేటర్ డ్రైవర్‌లో ఈనమ్ అంకెలు జరిగిపోతే

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులో ఏరేటర్ బాగానే తిరుగుతోంది, ఫోన్‌లో మాత్రం 'ఫాల్ట్'. వైరింగ్, రిలే సరిగ్గానే ఉన్నాయి. తేడా లినక్స్ కెర్నెల్ డ్రైవర్‌లోని (యంత్రాన్ని నడిపే ప్రోగ్రాము) ఈనమ్‌లో, అంటే పేర్లకు వరసగా అంకెలు ఇచ్చే జాబితాలో, దొరికింది.

పాత వరస ఆఫ్ 0, రన్ 1, ఫాల్ట్ 2. కొత్త 'స్టార్టింగ్'ను ఆఫ్ పక్కనే దూర్చడంతో రన్ 2 అయింది. పాత హెడర్‌తో (ఆ జాబితా ఉండే ఫైలు) కంపైలైన యాప్‌కి 2 అంటే ఫాల్టే మరి!

రన్, ఫాల్ట్‌లను పాత అంకెలకు తెచ్చి, స్టార్టింగ్‌కు చివర్లో 3 ఇచ్చాను. యూజర్ ప్రోగ్రాములకు కనబడే ఈనమ్‌లో, హార్డ్‌వేర్ రిజిస్టర్ విలువల్లో '= 0', '= 1' అని రాసి తీరాలి. లోపల మాత్రమే వాడేవాటికి అక్కర్లేదు. సంబంధమున్న స్థిరాంకాలకు వరుస డిఫైన్‌ల (#define లైన్ల) కంటే ఈనమే మేలు. పేర్లు పెద్దక్షరాల్లో, ముందు డ్రైవర్ పేరుతో ఉండాలి, టైప్‌డెఫ్ (రకానికి మారుపేరు) వద్దు. చివరి పేరు తర్వాత కూడా కామా పెడితే రేపు కొత్తది చేర్చినప్పుడు ప్యాచ్‌లో (మార్పుల ఫైలు) ఒక్క లైనే మారుతుంది.

స్విచ్‌లో (ఒక్కో విలువకు ఏం చేయాలో కేసులుగా రాసే చోటు) మిగతా అన్నిటికీ వర్తించే డిఫాల్ట్ కూడా తీసేశాను. అది లేనప్పుడు, వేరియబుల్ ఇంట్ (మామూలు పూర్ణాంకం) కాకుండా ఆ ఈనమ్ రకమే అయితే, వదిలేసిన కేసును కంపైలర్ హెచ్చరికతో పట్టిస్తుంది.