ముక్కు సర్జరీకి తేదీ తీసుకున్నారా? ముందు ఇవి చూసుకోండి

వేసవి సెలవుల్లో రైనోప్లాస్టీ (ముక్కు ఆకృతి మార్చే సర్జరీ) చేయించుకోబోయేవారి కోసం.

– రెండు ముక్కు రంధ్రాల మధ్యగోడలోని మృదులాస్థి (మెత్తని ఎముక) ఎంత మిగులుస్తారో సర్జన్‌ను సూటిగా అడగండి. పై అంచునా ముందు అంచునా కనీసం 10 మిల్లీమీటర్ల వెడల్పున మృదులాస్థి మిగలాలి. అది బలహీనపడితే ముక్కు గుర్రపు జీనులా మధ్యలో కుంగుతుంది. మళ్లీ లేపాలంటే చాలాసార్లు పక్కటెముక మృదులాస్థి తీయాల్సి వస్తుంది. దయచేసి, ఇంకా సన్నగా కావాలని పట్టుబట్టకండి.

– రాత్రివేళ ఫోన్ చేయాల్సిన నంబరు ముందే తీసుకోండి. సర్జరీ తర్వాత నొప్పి పెరుగుతూ రెండు రంధ్రాలూ బిగుసుకుపోతే మధ్యగోడలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. తెల్లవారేదాకా ఆగవద్దు, ఆ గడ్డను తీయకపోతే మృదులాస్థి కొద్దిరోజుల్లోనే కరిగిపోతుంది.

– సిగరెట్ కనీసం 4 వారాల ముందే మానాలి. నికోటిన్ వల్ల చర్మానికి రక్తం సరిగా అందదు.

– ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వాడుతుంటే చెప్పండి, రక్తస్రావం పెరుగుతుంది. చేపనూనె మాత్రలు వాడుతున్నా చెప్పండి. గుండె కోసం వాడే ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపకూడదు.

– సర్జరీ తర్వాత కళ్లజోడు బరువు కొన్ని వారాలు ముక్కు మీద పడకూడదు, కుదురుకోని ఎముక జరుగుతుంది.

– పెళ్లికి నెల ముందు వద్దు. ముక్కు కొన వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది పట్టవచ్చు.