సూపర్ హ్యాంగ్-ఆన్‌లో టైమ్ అయిపోకుండా చివరిదాకా వెళ్లాలంటే

1987లో సెగా ఆర్కేడ్‌కి (కాయిన్ వేసి ఆడే మెషీన్లకి) తెచ్చిన బైక్ రేసింగ్ గేమ్ ఇది, తర్వాత స్పెక్ట్రమ్, కమోడోర్ 64, అమిగా లాంటి హోమ్ కంప్యూటర్లకీ వచ్చింది. ఇప్పుడు ఎమ్యులేటర్‌లో (పాత గేముల్ని ఇప్పటి కంప్యూటర్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్) ఆడేవాళ్లకి కొన్ని టిప్స్. గేమ్‌లో ఉన్న నాలుగు రూట్లలో ముందు ఆఫ్రికా తీసుకోండి, 6 స్టేజీలే. ఆసియా 10, అమెరికా 14, యూరప్ అయితే 18, మొదటిరోజే దాని జోలికి పోవద్దు.

అసలు కిటుకంతా టర్బోలో (బైక్‌కి అదనపు స్పీడు ఇచ్చే బటన్) ఉంది. స్పీడు మీటర్ గంటకి 280 కి.మీ.కి చేరాకే అది పనిచేస్తుంది, ముందే బటన్ ఎంత నొక్కినా దండగే, 280 తగిలాక నొక్కితే 324 దాకా పోతుంది కానీ అదే స్పీడులో పెద్ద మలుపులోకి దూరారో బండి బయటికి లాగేసి రోడ్డు పక్క బోర్డుకి గుద్దుకుంటుంది. అందుకే మలుపు కనబడగానే టర్బో వదిలేసి, లోపలివైపుకి ముందే వంచి, రోడ్డు తిన్నగా అవుతుండగా మళ్లీ నొక్కండి. బ్రేక్ మాత్రం మరీ తప్పదంటేనే.

పక్క బైకులకి తగిలితే స్పీడు తగ్గుతుంది అంతే, పడిపోతే మాత్రం లేచి మళ్లీ 280 అందుకునేలోపు బోలెడు సెకన్లు పోతాయి. చెక్‌పాయింట్ (స్టేజీ చివర ఉండే గుర్తు) దాటితే టైమ్ కలుస్తుంది, మిగిలింది కూడా పోదు, కాబట్టి ఈజీ స్టేజీల్లోనే కాస్త టైమ్ వెనకేసుకోండి.