బిగుసుకుపోయిన లాకింగ్ హబ్బులను మార్చే విధానం

ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు ముందు చక్రాల నడుమ ఫ్రీ, లాక్ అనే గుర్తులతో కనిపించే డయల్ వెనుక ఉన్న లాకింగ్ హబ్ అనే యంత్రాంగం చాలా చిన్నది. చక్రంతో పాటు తిరిగే హబ్ బాడీ లోపల కొన్ని పళ్లు ఉంటాయి, చక్రాన్ని తిప్పే ఆక్సిల్ షాఫ్టు చివరి స్ప్లైన్ల (పొడవాటి గాడుల) మీద ఒక గేరు కూర్చుని ఉంటుంది, ఈ రెండింటినీ కలిపే క్లచ్ రింగు వాటి మధ్య ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటుంది. డయల్‌ను లాక్ వైపు తిప్పినప్పుడు రింగు రెండింటి పళ్లలోనూ కూర్చుని చక్రాన్ని షాఫ్టుకు కట్టేస్తుంది. ఫ్రీ వైపు తిప్పినప్పుడు రింగు పక్కకు తొలగడం వల్ల చక్రం దొర్లుతున్నా షాఫ్టులు, డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె), దానికి శక్తిని తెచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కదలకుండా ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపుల్లో ఈ సౌకర్యం లేక ఆ భాగాలన్నీ ఎప్పుడూ తిరుగుతూనే ఉండేవి. 1948లో అమెరికాలో ఆర్థర్ వార్న్ మొదలుపెట్టిన సంస్థ అటువంటి జీపులకు అమర్చుకునే లాకింగ్ హబ్బులతోనే పేరు తెచ్చుకుంది.

హబ్ లాక్‌లో బిగుసుకుపోతే వెంటనే ప్రమాదమేమీ లేదు. ఇంధనం కొంత ఎక్కువ ఖర్చవుతుంది, ముందు ఇరుసు భాగాలు అనవసరంగా అరుగుతాయి. ఫ్రీలో బిగుసుకుపోతే మాత్రం, అదీ ఒక్క వైపే అయినా, ముందు ఇరుసు మొత్తం పనికిరాకుండా పోతుంది. సాధారణ డిఫరెన్షియల్ తనకు అందిన శక్తిని ఎదురు లేని వైపుకే వదులుతుంది కనుక చక్రంతో సంబంధం తెగిన షాఫ్టు ఊరికే గిర్రున తిరుగుతుంది, లాక్ అయిన రెండో చక్రానికి లాగే బలం అందదు. ఈ సంగతి బురదలో దిగబడిన తరువాత తెలియడం కంటే ముందే తెలుసుకోవడం ఎంతో మేలు.

విప్పడానికి ముందు హబ్ నిజంగా పాడైందో లేదో నిర్ధారించుకోవాలి. గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడిపిన ట్రక్కులో ముందు, వెనుక ఇరుసుల మధ్య మెలి బిగుసుకుని, ఆ ఒత్తిడి క్లచ్ రింగు పళ్ల మీద పడుతుంది. అప్పుడు మంచి హబ్ కూడా ఫ్రీకి రాదు. ఇంజను శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసును టూ వీల్‌లోకి మార్చి, బండిని నాలుగైదు మీటర్లు వెనక్కి నడిపి మళ్లీ తిప్పి చూడండి. లాక్ చేసేటప్పుడు దీనికి భిన్నమైన ఇబ్బంది ఒకటి ఎదురవుతుంది. డయల్ తిరిగినా, పళ్లకు ఎదురుగా పళ్లే ఉండడం వల్ల, రింగు స్ప్రింగు ఒత్తిడితో అలాగే ఆగి ఉంటుంది. చక్రం కొద్దిగా దొర్లితే అదే లోపలికి జారుతుంది. డయల్‌ను మాత్రం పైపు రెంచితోనో పట్టుకారుతోనో తిప్పకండి. వేలితో తిప్పడానికి చేసిన ఆ పోత లోహం విరిగితే, శుభ్రం చేస్తే బాగయ్యే హబ్ కూడా చెత్తలోకి పోతుంది.

ఇక అసలు పరీక్షకు ట్రక్కును చదునైన గట్టి నేల మీద నిలపండి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టి, ముందు ఇరుసును జాకీతో ఎత్తి రెండు స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి వెళ్లడం ఏ పరిస్థితిలోనూ తగదు. ట్రాన్స్‌ఫర్ కేసు టూ వీల్‌లో ఉండగా హబ్‌ను ఫ్రీలో పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పితే లోపలి షాఫ్టు కదలకూడదు, లాక్‌లో పెట్టి తిప్పితే చక్రంతో పాటే తిరగాలి. రెండు వైపులా ఇలా చూసి, ఏ హబ్ ఏ స్థితిలో చిక్కుకుందో రాసి పెట్టుకోండి. అదే సమయంలో చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. వదులుగా ఆడుతుంటే బేరింగుల పని కూడా ఈ పనితో కలిసి వస్తుంది.

కొత్త హబ్బులు తెచ్చే ముందు షాఫ్టు స్ప్లైన్లను, బాడీని బిగించే బోల్టులను లెక్కపెట్టాలి. బయటి నుంచి ఒకేలా కనిపించే హబ్బుల లోపలి గేరు వేరువేరుగా ఉంటుంది. ఉదాహరణకు పాత డానా 44 ఇరుసులలో బయటి షాఫ్టుకు సాధారణంగా 19 స్ప్లైన్లు ఉంటాయి. ఒక వైపు హబ్బే పాడైనా రెండూ మార్చడమే నాకు సరైనదనిపిస్తుంది, ఎందుకంటే రెండూ అన్నేళ్లు ఒకే నీటిలో, ఒకే బురదలో తిరిగినవే.

విప్పడం మొదలుపెట్టే ముందు హబ్ చుట్టూ పేరుకున్న మట్టిని బ్రష్షుతో శుభ్రంగా కడగండి, లేకుంటే మూత తీయగానే అదంతా బేరింగులలోకి చేరుతుంది. మూత బోల్టులు చిన్నవి, వాటి తలల్లోని గాడులు తుప్పుతో నిండి ఉంటాయి. గాడులను సూదితో గీకి, తుప్పు వదిలించే నూనె పోసి కొన్ని గంటలు ఆగి, సరిగ్గా పట్టే కీతో ఒకే ఒత్తిడితో తిప్పండి. ఒక్క తల అరిగినా దాన్ని డ్రిల్లుతో తీయవలసి వస్తుంది కనుక ఈ కొన్ని గంటల ఓపిక వృథా కాదు. గ్రీజు, రబ్బరు సీళ్లు దగ్గరలోనే ఉన్నందున మంట పెట్టి వేడి చేసే ఆలోచన వద్దు.

మూత వచ్చాక షాఫ్టు చివర ఒక సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) కనిపిస్తుంది. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని సర్‌క్లిప్ ప్లయరుతో దాన్ని తీయండి. చాలా ట్రక్కులలో షాఫ్టు చివర మరలున్న రంధ్రం ఉంటుంది. అందులోకి తగిన బోల్టు ఎక్కించి షాఫ్టును బయటికి లాగి పట్టుకుంటే గాడి స్పష్టంగా కనిపించి, క్లిప్ తీయడమూ తిరిగి పెట్టడమూ తేలికవుతాయి.

ఆ తరువాత బాడీని తీయాలి, ఎక్కువ మంది ఇబ్బంది పడేది ఇక్కడే. కొన్ని ట్రక్కులలో బాడీ హబ్ లోపలి గాడిలో ఇమిడిన పెద్ద రింగుతో ఆగి ఉంటుంది. ఆ రింగును సన్నని కొక్కెంతో ఎత్తి తీసి, బాడీని చుట్టూ మెల్లగా తడుతూ లాగితే వస్తుంది. టొయోటా వంటి వాటిలో ఆరు స్టడ్ల మీద నట్లు, నట్ల కింద చీలిక ఉన్న శంకు ఆకారపు వాషర్లు ఉంటాయి. నట్లన్నీ తీసినా బాడీ కదలదు, ఎందుకంటే ఆ వాషర్లు మేకుల్లా రంధ్రాలలో దిగి ఉంటాయి. అంచు కింద స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తితే గ్యాస్కెట్ కూర్చునే ముఖం గీతలు పడి, తరువాత అక్కడి నుంచే నీరు లోపలికి పోతుంది. దానికి బదులు ప్రతి నట్టును స్టడ్ చివరితో సమానంగా ఉండేలా వేళ్లతో ఎక్కించి, ఇత్తడి కడ్డీని దాని మీద ఆనించి సుత్తితో గట్టిగా ఒక దెబ్బ కొట్టండి. ఆ అదురుకు వాషరు తన పట్టు వదిలి పైకి వస్తుంది. రాకుంటే బాడీ పక్కలను ఇత్తడితో తట్టి మళ్లీ కొట్టండి. మరలు పాడవకుండా కాపాడేది నట్టే కనుక వట్టి స్టడ్ మీద ఎన్నడూ కొట్టకూడదు.

బాడీ చేతికి వచ్చాక తొందరపడి కొత్తది పెట్టకుండా, పాతది ఎందుకు బిగుసుకుందో చూడాలి. గ్రీజు పాలలా తెల్లబడితే లోపలికి నీరు చేరిందని అర్థం. ఎర్రని పొడి ఉంటే ఆ నీరు చాలా కాలంగా ఉందన్నమాట. లోహపు రేకులు మెరుస్తుంటే బేరింగు అరుగుతోంది. ఇవేవీ లేకుండా హబ్ నిండా బేరింగు గ్రీజు కుక్కి ఉంటే, ఆ చిక్కదనమే స్ప్రింగును ఓడించి రింగును ఆపేసింది. కారణం నీరైతే బేరింగులను కూడా విప్పి, కడిగి, కొత్త గ్రీజు పట్టించి, బిగింపును తయారీదారు పుస్తకం చెప్పినట్టు సరిచేయండి. తడిసిన బేరింగుల ముందు కొత్త హబ్ పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. షాఫ్టు స్ప్లైన్లను సన్నని ఎమరీ గుడ్డతో శుభ్రం చేసి, కొత్త గేరు వేళ్ల ఒత్తిడితోనే వాటి మీద జారుతోందో లేదో చూసుకోండి.

బిగించేటప్పుడు రెండు ముఖాల మీదా పాత గ్యాస్కెట్ ముక్కలు మిగలకుండా గీకి, కొత్త గ్యాస్కెట్ వేసి, బాడీని కూర్చోబెట్టి, శంకు వాషర్లు, నట్లు ఎక్కించి ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. షాఫ్టును బయటికి లాగి సర్‌క్లిప్‌ను గాడిలో పెట్టి, అది చుట్టూ దిగిందో లేదో వేలితో తడిమి చూడండి. కదిలే భాగాలకు గ్రీజు పలుచని పొరగా పూస్తే చాలు. మూత పెట్టేటప్పుడు డయల్, క్లచ్ రింగు రెండూ ఫ్రీలోనే ఉండాలి. టొయోటా తరహా హబ్‌లో మూత లోపలి చిన్న కొక్కేలు బాడీలో పళ్లు లేని చోట్లకు ఎదురుగా రావాలి. అలా రాకుండానే బోల్టులు బిగిస్తే కొక్కేలు వంగి, కొత్త హబ్ మొదటి రోజే బిగుసుకుంటుంది. మూత చేతి ఒత్తిడితోనే ముఖానికి ఆనాలి. బోల్టులు లాగితే గాని ఆనడం లేదంటే తీసి మళ్లీ పెట్టండి. ఈ చిన్న బోల్టులకు పుస్తకంలో చెప్పిన తక్కువ బిగింపు చాలు, ఎయిర్ గన్ వాడవద్దు.

తనంతట తానే లాక్ అయ్యే ఆటోమేటిక్ హబ్ తీసి చేతితో తిప్పేది పెట్టేవారు, లోపల బేరింగు నట్టును ఆపే భాగాలు కూడా మారవచ్చునని గుర్తించి, వాటితో కలిపి వచ్చే పూర్తి సెట్టునే తీసుకోవాలి.

బండిని దించే ముందు మొదట చేసిన పరీక్షను రెండు వైపులా మళ్లీ చేయండి. ఇంజను ఆపి, గేరు వేసి, ట్రాన్స్‌ఫర్ కేసును ఫోర్ వీల్‌లోకి మార్చి, రెండు హబ్బులనూ లాక్ చేసి ఒక చక్రాన్ని తిప్పితే రెండోది దానికి ఎదురు దిశలో తిరగాలి. అప్పుడు రెండూ పట్టినట్టే. కొద్ది దూరం నడిపి వచ్చి బోల్టుల బిగింపు మరోసారి చూడండి. ఆ తరువాత ప్రతి నెలా ఒకసారి హబ్బులను లాక్ చేసి, టూ వీల్‌లోనే పదిహేను కిలోమీటర్లయినా నడిపితే లోపలి గ్రీజు గట్టిపడదు, ముందు డిఫరెన్షియల్ పళ్లకు నూనె కూడా అందుతుంది.