గట్టు మీద గాలం: 3వ పాఠం – రెండు ప్రశ్నలు

పోయిన పాఠంలో గట్టు మీద ఎంతమంది గాలం వేస్తున్నారో లెక్కపెట్టడం నేర్చుకున్నాం. ఈసారి వాళ్ళతో మాట్లాడదాం.

సరదాకి గాలం వేసేవాళ్ళను "ఎందుకొచ్చారు?" అని అడగండి. చాలామంది చేప ఊసే ఎత్తరు. ప్రశాంతంగా ఉంటుందనో, స్నేహితులతో గడపొచ్చనో, ఆఫీసు టెన్షన్ పోతుందనో అంటారు. అది నిజమే. కానీ సాయంత్రం సర్దుకుని వెళ్ళేటప్పుడు "ఇవాళ ఎలా గడిచింది?" అని అడిగి చూడండి. ఖాళీ సంచి పట్టుకున్నవాళ్ళ గొంతే వేరుగా ఉంటుంది. జర్మనీలో గాలం వేసేవాళ్ళ మీద రాబర్ట్ ఆర్లింగ్‌హాస్ 2006లో ప్రచురించిన పరిశోధనలో తేలిందీ ఇదే: రావడానికి చెప్పే కారణాల్లో చేపది వెనక వరస, తృప్తి దగ్గరికొచ్చేసరికి ముందు వరస. అందుకే ఈ రెండు ప్రశ్నల్ని కలిపి అడగొద్దు. ఒకటి రాగానే, రెండోది వెళ్ళేటప్పుడు. ఈ పాఠాలన్నిటిలో నేను అన్నిటికన్నా విలువిచ్చే మెళకువ ఇది.

అందరినీ ఒకే గాటన కట్టకూడదు కూడా. అమెరికాలో ట్రౌట్ అనే చేపను పట్టేవాళ్ళను గమనించి హాబ్సన్ బ్రయాన్ అనే పరిశోధకుడు 1977లో చెప్పిన మాట ఇప్పటికీ పనికొస్తుంది. కొత్తవాళ్ళకు ఏదో ఒక చేప పడితే చాలు. చెయ్యి తిరిగేకొద్దీ ఫలానా చేపే, ఫలానా ఏరే, ఫలానా పద్ధతే కావాలంటారు. అలాంటివాళ్ళు 'పట్టి వదిలెయ్యాలి' అన్న నియమానికి సులువుగా ఒప్పుకుంటారు. పులుసు కోసం వచ్చినాయన ఒప్పుకోడు. ఆయనకు రోజుకు ఇన్ని చేపలే, ఇంత సైజుకు తక్కువైతే వదిలెయ్యాలి అన్న నియమం నప్పుతుంది.

అయితే నది బాగుందో లేదో తేల్చడానికి తృప్తినొక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతాం. కర్ణాటకలో కావేరి మీద గాలిబోరె అనే చోట పట్టి వదిలిన మహసీర్ల (నదుల్లో పెరిగే పెద్ద చేపల) వివరాలు 1998 నుంచి 2012 దాకా రాసిపెట్టినవి ఉన్నాయి. పడే చేపల సంఖ్య పెరుగుతూ వచ్చింది. పైపైన చూస్తే నది బాగున్నట్టే. కానీ సైజు తగ్గింది. జాతుల్ని విడదీస్తే గుండె గుభేలుమంటుంది: పెరిగినవి బయటినుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహసీర్లు. ఆ నదికే సొంతమైన మూపురం మహసీర్ దాదాపు కనిపించకుండా పోయింది. దాని శాస్త్రీయ నామం టోర్ రెమదేవి అని 2018లో తేల్చారు. ఇప్పుడది అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాతుల్లో ఒకటి. గాలం వేసేవాళ్ళు జాతి పేరు, బరువు రాసి ఉండకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు.

ఈ వారం అభ్యాసం: మీ ఊరి చెరువుకు వెళ్ళండి. చెరువు మత్స్య సహకార సంఘం చేతిలో ఉంటే ముందు వాళ్ళకో మాట చెప్పండి. బెండు కదులుతున్నప్పుడు ఎవర్నీ పలకరించొద్దు. అయిదుగురిని రెండు ప్రశ్నలూ అడిగి, పడిన చేప రోహూనా, బొచ్చా, కొరమీనా, ఎంత పొడవు అన్నది పక్కనే రాసుకోండి. చేపను వదిలేస్తుంటే, పట్టుకునేముందు చెయ్యి తడుపుకున్నారో లేదో కూడా చూడండి. పొడిచేత్తో పట్టుకుంటే ఒంటిమీది జిగురు ఊడిపోతుంది. వదిలిన చేప బతికేదెలాగో వచ్చే పాఠంలో ఇక్కణ్ణుంచే మొదలుపెడదాం.