చెన్నైలో పేట చరిత్ర సంఘం: సభ్యులంతా చేయి కలపాలంటే ఏం చేయాలి?

చరిత్ర సంఘం పెడదామంటే చెన్నైలో తెలుగువాళ్లు ముప్పై మంది ఇట్టే పేర్లు ఇస్తారు. మూడో నెల వచ్చేసరికి పనంతా ఇద్దరి నెత్తిన పడుతుంది. మా సంఘంలోనూ అదే జరిగింది. ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాం.

1. ముందు హద్దు గీసుకోండి. "చెన్నపట్నంలో తెలుగువారి చరిత్ర" అని పెట్టుకుంటే 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఈ తీరాన చోటిచ్చిన దామర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి, 1952లో మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట్లో 58 రోజులు దీక్ష చేసి ప్రాణం విడిచిన పొట్టి శ్రీరాములు గారి దాకా అన్నీ అందులోకే వస్తాయి. ఎవరికీ ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. ఏడాదికి ఒక్క పేట చాలు. జార్జిటౌన్ అయినా సరే, వడపళని అయినా సరే.

2. తమిళనాడు సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే రిజిస్టర్ చేసుకోవచ్చు. చందాల లెక్క మాత్రం నెలనెలా అందరి ముందూ చదవండి.

3. పనిని పేరు పెట్టి అడగండి. "ఎవరైనా ముందుకు రండి" అని వాట్సాప్ గ్రూపులో పెడితే నమస్కారం బొమ్మలు తప్ప ఏమీ రావు. ఫోన్ చేయాలి. "పిన్నిగారూ, మీ వీధిలో అరుగులున్న పాత ఇళ్ల ఫొటోలు వచ్చే ఆదివారంలోపు తీసి పెడతారా?" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఎంత పనో, ఎప్పటికి అయిపోతుందో ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు.

4. జంటలు కట్టండి. నాకు బాగా నచ్చిన పని ఇదే. ఇక్కడ పుట్టిన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. పెద్దవాళ్లు చదువుతారు, టైపు చేయలేరు. ఇద్దరినీ పాత శుభలేఖల పెట్టె ముందు కూర్చోబెట్టండి. పెళ్లి జరిగిన వీధి, సొంతూరు, కింద అచ్చు వేసిన ప్రెస్సు పేరు, అన్నీ ఆ ఒక్క కాగితంలో దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: "శోభకృత్ నామ సంవత్సరం" అని మాత్రమే ఉంటే అది 1963 కావచ్చు, 2023 కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి ఇంటివాళ్లను అడిగే రాసుకోవాలి. కాగితం అక్కడే ఫొటో తీసి ఇచ్చేయండి, ఇంటికి తెచ్చుకోవద్దు.

5. పెద్దల మాటలు రికార్డు చేసే ముందు అనుమతి అడగండి. ఎవరు చెప్పారో, ఏ తేదీనో వెంటనే రాయండి. వాళ్లు చెప్పిన సంవత్సరాలను ఎగ్మూరులోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లోనో కన్నెమరా లైబ్రరీలోనో పాత పుస్తకాలతో సరిచూసే పని ఓపికున్న ఒకరికి అప్పగించండి.

6. ప్రతి ఫొటో కింద తీసినవాళ్ల పేరు వేయండి. ఎవరైనా పని మధ్యలో ఆపేస్తే గ్రూపులో నిలదీయకండి. ఇంట్లో ఎవరికైనా బాగోలేదేమో, విడిగా కనుక్కోండి.

7. ఆగస్టు 22న మద్రాసు డే, అంటే మన నగరం పుట్టినరోజు. ఆ వారంలో ఒక ఆదివారం, ఎండ ముదరకముందే ఉదయం ఆరున్నరకు, మీ పేటలో నడక పెట్టండి. మంచినీళ్లు మరవద్దు. మైకు అధ్యక్షుడికి ఇవ్వకండి. ఏ ఇంటి గురించి ఎవరు పని చేశారో, ఆ గడప ముందు వాళ్లే రెండు నిమిషాలు మాట్లాడాలి.