పాత కుండతో మేడ తోటకి దిష్టిబొమ్మ

మేడ మీద వంగ, బెండ, టమాటా వేసుకున్నవాళ్లు ప్లాస్టిక్ బొమ్మలు కొనకండి, ఇంట్లో పాత మంచినీళ్ల కుండ ఉంటే చాలు, అంచు కాస్త విరిగినా ఫర్వాలేదు, దాంతోనే మంచి దిష్టిబొమ్మ అవుతుంది.

కుండను కడిగి రెండు రోజులు ఎండలో పెట్టండి. ఇది మాత్రం తప్పదు, మట్టిలో తడి ఉంటే రంగు పొరలుగా లేచిపోతుంది. గరుకు కాగితంతో పైపైన రుద్ది ప్రైమర్ ఒక పూత వేసి, అది ఆరాక బయటి గోడలకు వాడే ఎమల్షన్ నలుపు వేయండి. ఉత్త సున్నంతో పెట్టిన చుక్కలు చూడముచ్చటగానే ఉంటాయి కానీ వానకి కారిపోతాయి, అందుకే వాటికీ ఎమల్షనే. నాకు బాగా నచ్చేది బెండకాయ ముద్ర: ముదురు బెండకాయను తొడిమ దగ్గర అడ్డంగా కోసి, తెల్లరంగులో పల్చగా అద్ది కుండ మీద ఒత్తితే ఐదు రెక్కల పువ్వు దిగుతుంది. కళ్లు పెద్దవిగా, మీసం మెలితిప్పి, నాలుక ఎర్రగా వేయండి.

వెదురుకర్ర కొసకి పాతగుడ్డ చుట్టి కుండ బోర్లించండి, లేకపోతే కదిలినప్పుడల్లా తగిలి పగులుతుంది. కర్ర మొదలు ఇసుక నింపిన డబ్బాలో పాతి పిట్టగోడకి కట్టేయండి, వేసవిలో మన బెజవాడ, గుంటూరు వైపు ఈదురుగాలి లేచిందంటే మేడ మీద ఏదీ నిలవదు. పిట్టలు త్వరగానే అలవాటు పడతాయి కాబట్టి అప్పుడప్పుడూ చోటు మార్చండి.

మొక్కల కుండీలకి కూడా ఇలాగే రంగు వేసుకోవచ్చు, బయటివైపు మాత్రమే.